బొత్తాం ఒంటి కొలతలు

ఆ వీధిలో టైలరుని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన అంగుళాలాయన. లోకంలో ప్రతిదీ ఆయనకి అంగుళాల్లోనే కనిపిస్తుంది మరి. వాన ఎంత పడిందని అడిగితే గుమ్మం ముందు మూడున్నర అంటాడు. పక్క కొట్టు ఆవిడ కోపమొచ్చి ముక్కు ఎంత ఎత్తుకి ఎగరేసిందో కూడా అంగుళాల్లోనే చెబుతాడు, ఆవిడ కాస్త దూరం వెళ్ళాక.

ఇంత ఖచ్చితమైన మనిషి నలభై ఏళ్ళుగా రోజుకి పది అబద్ధాలు ఆడుతున్నాడంటే ఎవరూ నమ్మరు. ఆ సంగతి తెలిసింది ఆయనకీ, ఆయన భార్యకీ మాత్రమే.

తప్పు ఆయనది కాదు లెండి. పొట్ట పెరిగిన మనిషికి పొట్ట పెరిగిందని మొహం మీదే చెబితే అతను ఇంకో టైలరుని వెతుక్కుంటాడు. పెరగలేదని చెప్పి పాత కొలతకే కుడితే ప్యాంటు తొడ దాటి పైకి రాదు. అందుకని అంగుళాలాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నడుము చుట్టూ టేపు తిప్పి, మనిషి మొహం చూసి, అతను వినాలనుకున్న కొలత పైకి చెబుతాడు. తరవాత టేపు కొసనున్న ఇత్తడి రేకుతో కటింగ్ టేబుల్ మీద టక్ టక్‌మని కొడతాడు. ఎన్ని టక్కులైతే అన్ని అంగుళాలు అదనం. మూలన కొలతల పుస్తకం పట్టుకుని కూర్చున్న భార్య అవి కలుపుకుని అసలు కొలత రాసుకుంటుంది. మనిషి సంతోషంగా వెళ్తాడు, ప్యాంటు సుఖంగా పడుతుంది.

పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరుగారికి ఎనిమిది టక్కులు. పెళ్ళినాటి నుంచి తన నడుము ముప్ఫై రెండేనని ఆయన నలుగురిలో చెప్పుకుంటారు.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" అని ఒకసారి అడిగారు కూడా.

"టేపుకి దుమ్ము పట్టింది సార్, దులుపుతున్నా."

భార్య తలెత్తకుండా నలభై అని రాసింది. ఆవిడ నోటితో అబద్ధం చెప్పదు. చెప్పడం ఆవిడకి చేతకాదు అనడం సరైన మాట. ఈ రంగు నాకు నప్పిందా అని ఎవరైనా అడిగితే నప్పలేదనే అంటుంది, అడిగినావిడ మొహం మాడిపోయినా సరే. అందుకే అంగుళాలాయన ఆవిడని కస్టమర్లకి దూరంగా, పుస్తకానికి దగ్గరగా కూర్చోబెట్టాడు. "అబద్ధాల శాఖ మీది, నిజాల శాఖ నాది. నా శాఖలో వేలు పెట్టకండి" అంటుంది ఆవిడ.

ఇక బొత్తాం సంగతి. రెండేళ్ళ కిందట ఒక వానలో షట్టర్ కిందికి దూరి, మళ్ళీ బయటికి వెళ్ళడం మర్చిపోయిన కుక్క అది. ఒళ్ళంతా తెలుపు, వీపు మధ్యలో గుండ్రంగా ఒక్క నల్ల మచ్చ. అందుకే ఆ పేరు. కుట్టుమిషను కింద, ఆయన కుడికాలి పక్కన దాని చోటు. భార్యకి కుక్కలంటే పడదు. కుట్టే బట్టల మీద వెంట్రుకలనీ, వాన పడితే వాసననీ మొదటి రోజు నుంచీ సణుగుతూనే ఉంది.

ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. నలభై ఏళ్ళు మిషను చప్పుడు పక్కనే బతికిన అంగుళాలాయనకి కుడి చెవి దాదాపు పోయింది. వీధి ఉన్నది కుడి పక్కనే. కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఏమండీ, ఏమండీ అని మూడుసార్లు పిలిచినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. బొత్తాం వచ్చిన వారానికే ఈ లోటు కనిపెట్టింది. కౌంటర్ దగ్గరికి ఎవరొచ్చినా తడి ముక్కుతో ఆయన పిక్క మీద ఒక్క పోటు పొడుస్తుంది. ఆయన వెంటనే తలెత్తి "రండి రండి!" అంటాడు. చీమ చిటుక్కుమన్నా ఈయనకి వినిపిస్తుందని వీధిలో పేరు కూడా వచ్చింది. చెవి పోయిందని తెలిస్తే కళ్ళూ పోయాయనుకుంటారు జనం, కళ్ళు పోయినవాడికి బట్ట ఎవరిస్తారు? ఆ భయంతో ఆయన ఈ రహస్యం భార్యకి కూడా చెప్పలేదు.

అలా ఇంకో పదేళ్ళు గడిచిపోయేవే, ఒక గురువారం ఉదయం ఓనరుగారు కొత్త ప్యాంటు తొడుక్కోకపోయి ఉంటే. అద్దంలో చూసుకుంటే నడుము పట్టీ మీద మిరియపు గింజంత బూడిదరంగు గుండీ ఒకటి అదనంగా కనిపించింది. టైలరు ముచ్చటపడి కుట్టాడేమోనని తడిమారు. గుండీ నడిచింది.

మరుక్షణం ఆయన తువ్వాలు చుట్టుకుని, ప్యాంటుని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని, అగ్గి మీద గుగ్గిలంలా మెట్లు దిగి వచ్చారు.

"ఏమయ్యా టైలరూ! ఇదేమిటి?"

అంగుళాలాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "పిడుదండీ. పావంగుళం కూడా ఉండదు."

"కొలత అడగలేదు నేను! నీ కుక్క ఒంటి మీద పెరిగి, మెట్లెక్కి నా పైకొచ్చింది. ఇవాళ ప్యాంటు ఎక్కింది, రేపు నా చెవిలో దూరుతుంది. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం, తొమ్మిదింటికి నేను వచ్చి నిలబడతాను. కుక్క మీద ఒక్కటంటే ఒక్కటి కనిపించినా మా బావమరిది గోడౌనుకి పంపేస్తాను. ఊరి బయట గొలుసుతో కట్టేస్తారు."

"అలాగే సార్. నేను చూసి..."

"నువ్వు చూడక్కర్లేదు. నువ్వు కుక్క పక్షం. చెల్లెమ్మ చూస్తుంది. ఆవిడ నోట అబద్ధం రాదు."

"రాదు అన్నయ్యగారూ. ఒకటుంటే ఒకటనే చెబుతాను" అంది భార్య, కుట్టు విప్పుతున్న బట్ట మీంచి తలెత్తకుండా.

అంగుళాలాయన కుడికాలు బొత్తాంకి అడ్డంగా జరిపాడు. కాలి పక్కన బొత్తాం తన మీద విచారణ జరుగుతోందని తెలియక వెనక కాలితో చెవి గోక్కుంటోంది.

శుక్రవారం సాయంత్రం ఒక గంట ముందే పని ఆపి, కుక్కని కటింగ్ టేబుల్ ఎక్కించాడు. గీత గీయకుండా బట్ట మీద కత్తెర పెట్టని మనిషి, గీత గీయకుండా కుక్క మీద చెయ్యెలా వేస్తాడు? నీలం సుద్ద తీసి మెడ నుంచి తోక దాకా నిలువు గీతలు, వీపు మీంచి పొట్ట దాకా అడ్డగీతలు గీశాడు. ఇరవై నాలుగు గళ్ళు వచ్చాయి. ఒక్కో గడిలో వెంట్రుకలు విడదీసి చూడటం, దొరికినదాన్ని గోళ్ళతో లాగి సబ్బు నీళ్ళ సీసాలో వేయడం, గడి అయిపోయాక దాని మీద చిన్న టిక్కు పెట్టడం. పద్ధతి బాగానే ఉంది. గోళ్ళతో లాగితే మాత్రం కొన్ని చిట్లి చేతికంటాయి, కొన్ని తల లోపలే వదిలేసి మొండెం ఇచ్చాయి.

పద్దెనిమిదో గడిలో, పొట్ట కింద, నల్లగా ఒకటి గట్టిగా పట్టుకుని ఉంది. అంగుళాలాయన పళ్ళు బిగించి లాగాడు. రాలేదు. ఇంకాస్త లాగాడు. బొత్తాం వెనక్కి తిరిగి, పెద్దమనిషివి నీకిదేం బుద్ధి అన్నట్టు చూసింది.

"అది పిడుదు కాదు మహానుభావా! మగకుక్కకి కూడా చనుమొనలుంటాయి. వదలండి దాన్ని!" అని అరిచింది భార్య.

ఆ రోజు లెక్క నలభై ఒకటి. భార్య కొలతల పుస్తకంలో బొత్తాంకి ఒక పేజీ తెరిచి రాసింది. మర్నాడు బొత్తాం ఒళ్ళంతా నీలం గళ్ళతో వీధిలో తిరుగుతుంటే ఎదురొచ్చినవాళ్ళందరూ ఈ కోటు ఎవరికి కుడుతున్నావని అంగుళాలాయన్ని అడిగారు. ఆయన నవ్వలేదు. శనివారం మళ్ళీ వెతికితే ముప్ఫై ఎనిమిది దొరికాయి. ఆదివారం నలభై. తీసినవి తీసినట్టే ఉన్నాయి, వచ్చేవి వస్తూనే ఉన్నాయి.

పక్క కొట్టు ఆవిడ వచ్చి కిరసనాయిలు పోయమంది. అది నచ్చకపోతే అగ్గిపుల్లతో చురక పెట్టమంది. నీరసపడిపోయిన అంగుళాలాయన అగ్గిపెట్టె అందుకున్నాడు. భార్య దాన్ని లాక్కుంది.

"నాకు ఈ కుక్క నచ్చదు. నచ్చదని అంటించమని కాదు. రేపు డాక్టరు దగ్గరికి పదండి."

పశువుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట మాత్రం పొడి పొడిగా ఉంటుంది. బొత్తాంని బల్ల మీద చూసి, గళ్ళు చూసి, "ఎక్కడ కత్తిరించమంటారు?" అంది.

అంగుళాలాయన సిగ్గుపడి కథంతా చెప్పాడు. ఆవిడ సన్నటి పట్టకారు తీసుకుని చేసి చూపించింది. చర్మానికి ఎంత దగ్గరగా పట్టుకోగలిగితే అంత దగ్గరగా పట్టుకోవాలి, మెలి తిప్పకుండా, నలపకుండా, నెమ్మదిగా నిటారుగా లాగాలి. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వేయాలి. చేతికి తొడుగు ఉండాలి. తీసిన చోట మందు నీళ్ళతో తుడవాలి. నూనె, కిరసనాయిలు, నిప్పు వద్దు, వాటికి పిడుదు బెదిరి కుక్క ఒంట్లోకే విషం కక్కుతుంది. చెవుల లోపల, చంకల్లో, తోక కింద, కాలి వేళ్ళ మధ్య, మెడ పట్టీ కింద తప్పకుండా వెతకాలి.

బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషనులో దారం ఎక్కించే పట్టకారు సరిగ్గా అలాంటిదే తన దగ్గరుందని గుర్తొచ్చి అంగుళాలాయన ప్రాణం కాస్త కుదుటపడింది. డాక్టరమ్మ కుక్కని తూచి, ఆ బరువుకి తగ్గ మందు మెడ వెనక, నాలుక అందని చోట చర్మం మీద పోసింది. నెలకోసారి మర్చిపోకూడదంది.

"ఇంతకీ అసలువి ఒంటి మీద లేవు. రక్తం తాగడానికే కుక్క మీదికొస్తాయి, తాగి దిగిపోతాయి, ఇంట్లో సందు చూసుకుని గుడ్లు పెడతాయి. ఇది పడుకునేదెక్కడ?"

అంగుళాలాయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాడిలా మొదలుపెట్టాడు. ముప్ఫై రెండు సూట్ల ముక్కలు కలిపి తానే కుట్టిన పరుపు. చుట్టూ రెండు వరసల పైపింగు. మధ్యలో అరవై నాలుగు మడతలు. లోపల రెండు పొరల అస్తరు. మూలలకి జేబులు, అవి ఎందుకో ఆయనకే తెలియదు, చేయి ఊరుకోక కుట్టాడు. ఈ ఊళ్ళో పెళ్ళికొడుక్కి కూడా అంత పనితనం దొరకలేదు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీరు పరుపు కుట్టలేదండీ. పిడుదులకి అరవై నాలుగు గదుల మేడ కట్టారు."

ఆ మధ్యాహ్నం పెరట్లో కూర్చుని ఆయన తన పనితనాన్ని తానే విప్పాడు. ప్రతి మడతలో ఒక సంసారం. జేబుల్లో అయితే బంధువులతో సహా దిగి ఉన్నారు. మరిగే నీళ్ళు పోసి ఉతుక్కుందామని ఆయన బతిమాలాడు. భార్య వినకుండా మొత్తం పెరటి మూలన కాల్చేసింది. దాని బదులు ఒక దుప్పటి గుడ్డ పరిచారు. మడత లేదు, జేబు లేదు, అంచు కూడా మడవలేదు. మూడు రోజులకోసారి వేడి నీళ్ళలో ముంచాలి. జీవితంలో మొదటిసారి అంచు కుట్టని గుడ్డ ఒకటి తన కొట్లో పరిచి ఉండటం చూసి ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మిషను వెనక గోడలో పగులు ఉంది. మెట్ల పక్క నుంచి పై అంతస్తు దాకా పాకింది. ఓనరుగారి నడుము దాకా దారి అదేనన్నమాట. దాన్ని కొలిచి, పదకొండు అడుగుల నాలుగంగుళాలని ప్రకటించి, సిమెంటు పూసి మూసేశాడు. లెక్క తగ్గడం మొదలైంది. మంగళవారం ఇరవై రెండు. బుధవారం తొమ్మిది.

ఆ బుధవారం ఉదయమే డాక్టరమ్మ చెప్పిన మనిషి వచ్చి కొట్టు మూలల్లోనూ మెట్ల కిందా మందు కొట్టి వెళ్ళాడు. ఆరాక మనుషులు రావచ్చు, కుక్కని సాయంత్రం దాకా రానివ్వద్దన్నాడు. బొత్తాంని పెరట్లో కట్టేశారు. మధ్యాహ్నం కొట్టు తెరిచారు. అంగుళాలాయన మిషను ముందు, భార్య లోపలి గదిలో గుండీలు కుడుతూ.

బడి పంతులమ్మ వచ్చింది. "ఏమండీ" అంది. ఆయన పలకలేదు. మళ్ళీ పిలిచింది, కౌంటర్ మీద వేలితో కొట్టింది. కుట్టుకుంటూనే ఉన్నాడు. ఆవిడ విసుక్కుని వెళ్ళిపోయింది. పనిలో పడ్డాడులే అనుకుంది భార్య. పావుగంటకి ఇంకొకాయన వచ్చి గట్టిగానే కేకేసి, జవాబు లేక వెళ్ళిపోయాడు. ఆ కేక పెరట్లోకి వినిపించింది. బొత్తాం గొలుసు లాగుతూ, లేని పిక్కని పొడుస్తున్నట్టు గాలిలోకి ముక్కు చాచి మూలిగింది. భార్య చేతిలో సూది ఆగిపోయింది.

లేచి వెళ్ళి, ఆయన కుడి పక్కన నిలబడి, మామూలు గొంతుతో "మంచినీళ్ళు తాగుతారా?" అంది. పలకలేదు. ఎడమ పక్కకి వచ్చి అదే మాట అంది.

"ఆఁ, ఇవ్వు" అన్నాడు ఆయన. "ఇవాళేమిటో ఒక్కరూ రాలేదు."

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది, కోపమూ వచ్చింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు తనకి చెప్పని సంగతి కుక్కకి తెలుసు. తను వెంట్రుకలనీ వాసననీ సణుగుతున్న రెండేళ్ళూ అది తన మొగుడి పరువు కాపాడుతోంది. సాయంత్రం గొలుసు విప్పుతూ, "పో, నీ పని చూసుకో" అంది. బొత్తాం పరుగున వెళ్ళి మిషను కింద దూరింది.

గురువారం నాలుగు. శుక్రవారం రెండు. శనివారం సున్నా. ఇంకొన్ని వారాలు ఒకటో రెండో కనిపిస్తాయని, మందు తగిలాక అవి బతకవని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మాట మోసుకుపోయి ఓనరుగారికి చెబితే, "ఒకటైనా ఒకటే. నేను లెక్కల మనిషిని" అన్నారు.

ఆదివారం తొమ్మిదింటికి ఆయన దిగి వచ్చారు. ప్యాంటు కాళ్ళని సాక్సుల్లోకి దోపుకుని, పిడుదులు ఎగిరి దూకుతాయేమోనని గుమ్మం బయటే నిలబడ్డారు.

"అవి ఎగరవు సార్" అన్నాడు అంగుళాలాయన.

"నా జాగ్రత్త నాది. కానివ్వమ్మా."

బొత్తాంని టేబుల్ ఎక్కించారు. అంగుళాలాయన రెండు అరచేతులూ టేబుల్‌కి ఆనించి, కుక్క మొహంలో మొహం పెట్టి నిలబడ్డాడు. భార్య తొడుగులు వేసుకుని, పట్టకారు పట్టుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని వెతకసాగింది. చెవులు చూసింది, ఏమీ లేదు. మెడ చూసింది, చంకలు చూసింది. తోక ఎత్తింది. ఓనరుగారు మెడ చాచారు. ముందు కాళ్ళ వేళ్ళు అయ్యాయి. వెనక కుడి కాలు అయింది. వెనక ఎడమ కాలి వేళ్ళ మధ్య ఆవిడ చెయ్యి ఆగింది.

అంగుళాలాయన చూశాడు. నలభై ఏళ్ళుగా ఆ చెయ్యి ఆగిందంటే అక్కడ ఏదో ఉన్నట్టే. గొలుసూ, గోడౌనూ, కౌంటర్ దగ్గర పిలిచి పిలిచి వెళ్ళిపోయే మనుషులూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు. ఇది ఆవిడ శాఖ. బతిమాలడానికి కూడా లేదు.

ఆవిడ దూది అడ్డం పెట్టి పట్టకారు నిటారుగా లేపింది. దూదిని అలాగే సీసాలో వేసి మూత బిగించింది. తొడుగులు తీసింది. ఓనరుగారి వైపు తిరిగి, కళ్ళలోకి సూటిగా చూసి, వీధంతా వినేలా చెప్పింది.

"సున్నా అన్నయ్యగారూ."

చెప్పాక, ఆయన కుడి పక్క నుంచే, పట్టకారు వెనక కొసతో టేబుల్‌ని మెల్లిగా తాకించింది. అంగుళాలాయన చెవికి ఏమీ వినిపించలేదు. చెక్క మీద ఆనించిన అరచేతికి మాత్రం స్పష్టంగా తెలిసింది.

టక్. ఒక్కసారి.

"అంతే కదా!" ఓనరుగారు సాక్సుల్లోంచి ప్యాంటు లాక్కున్నారు. "చెల్లెమ్మ చెప్పిందంటే ఇంక తిరుగులేదు. అయినా ఈ కొట్లో కొలత ఎప్పుడు తప్పింది గనక? నా నడుమే సాక్ష్యం." పొట్ట తడుముకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

అంగుళాలాయన చాలాసేపు కుక్క మొహంలోంచి మొహం తీయలేదు. చివరికి తలెత్తి అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"దేని గురించి?" అంది ఆవిడ. "పిడుదు గురించా, చెవి గురించా?"

ఆయన చెయ్యి కుడి చెవి మీదికి పోయింది. ఆవిడ కొలతల పుస్తకం తీసి, బొత్తాం పేజీలో ఆదివారానికి ఎదురుగా ఒకటి అని రాసింది. పుస్తకం మూసి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయన ఎడమ పక్కన నిలబడింది.

"రేపు పదింటికి దీన్ని డాక్టరమ్మకి చూపించాలి. పదకొండింటికి మిమ్మల్ని చెవుల డాక్టరుకి. మధ్యలో ఎక్కడా ఆగేది లేదు."